మైకు మావయ్య వెనక్కి తీసుకున్న మాటలు

మా మైకు మావయ్య ఏ కబురుకైనా ముందు ఒక పెద్ద మాట తగిలించందే నోట్లోంచి వదలడు. పాత వ్యాను నెత్తిన రెండు మైకు గొట్టాలు బిగించుకుని, వీధి వీధీ తిరుగుతూ ఎవరు ఏం చెప్పమంటే అది చెప్పడం ఆయన వృత్తి. సర్కస్ వచ్చినా, బట్టల షాపులో ధరలు తగ్గినా, ఎవరి మేకైనా తప్పిపోయినా ఊరికి ముందు తెలిసేది ఆయన గొంతులోంచే. ఒకసారి పైపులు బాగుచేస్తున్నారు, రేపు నీళ్ళు రావని చెప్పమన్నారు. "రేపు ఉదయం నుండి మన వీధులన్నింటిలో, కనీ వినీ ఎరుగని రీతిలో, అత్యంత భారీ ఎత్తున నీళ్ళు రావు!" అని చెప్పి వచ్చాడు. సగం మంది ఏదో మంచి జరగబోతోందనుకుని బిందెలు నింపుకోలేదు. తప్పిపోయిన మేకనేమో "సుప్రసిద్ధ మేక" అన్నాడు. అది దొరికాక చూడ్డానికి జనం వెళ్ళారు కూడా.

మా అత్తయ్య ఆయనకి విరుగుడు. టైలర్ల దగ్గర నుంచి చొక్కాలు తెచ్చుకుని ఇంట్లో కాజాలు, బొత్తాలు కుడుతుంది. నోట్లో సూదో దారమో ఉంటుంది కాబట్టి మాట తక్కువ. వ్యాను వీధి మలుపు తిరిగి మైకు మొదలవగానే లేచి కిటికీ మూసేస్తుంది. "ఇంట్లో విన్నది చాలదా?" అంటుంది.

నేను వాళ్ళ కింది వాటాలో ఉంటాను, పక్కవీధిలో ఫ్లెక్సీలు వేసే షాపులో పని. మావయ్య నోటితో చేసేదే నేను కంప్యూటర్లో చేస్తాను కనక ఆయన్ని వెక్కిరించే హక్కు నాకు పెద్దగా లేదు. అయినా వెక్కిరిస్తాను. మేనకోడలికి ఆ మాత్రం చనువు ఉంటుంది.

మావయ్య చెప్పే ప్రకటనల్లో అన్నింటికన్నా పాతది ఒక ఎలక్ట్రికల్ షాపుది. ఫ్యాన్లు, ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషీన్లు అమ్మే షావుకారుది. "ఇరవై ఏళ్ళుగా నమ్మకానికి మారుపేరు!" అని వారం వారం అరిచేవాడు. ఆ షాపు తెరిచి ఎనిమిదేళ్ళే అయిందని నేనొకసారి గుర్తు చేశాను.

"ఎనిమిది అంటే మైకు నిండదే అమ్మాయ్. ఇరవై అను, చూడు ఎలా నిండుతుందో!" అన్నాడు.

అత్తయ్యకి కుడిచేతి మణికట్టు వాచింది. బట్టలు పిండడం మానకపోతే సూది కూడా పట్టుకోలేవని డాక్టరు చెప్పాడు. మావయ్య ఒక్క క్షణం ఆలోచించలేదు. తను ఎనిమిదేళ్ళుగా నమ్మకం నమ్మకం అని అరిచిన షాపుకే వెళ్ళి వాషింగ్ మెషీన్ తెచ్చాడు. మూత మీద బంగారు రంగు కాగితం అంటించి ఉంది. దాని మీద "సరికొత్త" అని రాసి ఉంది. మావయ్య దాన్ని చీరకొంగుతో తుడవమన్నాడు. అత్తయ్య తన చీరకొంగు అందుకు కాదంది.

మొదటి ఉతుకు అయ్యాక బట్టలు ఒక్కొక్కటే తీస్తున్న అత్తయ్య చెయ్యి ఆగిపోయింది.

"ఏవండీ, ఈ మేజోడు ఎవరిది?"

నీలం రంగుది. అరచేతిలో సగం కూడా లేదు. వాళ్ళింట్లో ఒకప్పుడు చిన్న పాదాలున్నది వాళ్ళ అబ్బాయికే, వాడు ఎప్పుడో పెద్దవాడై ఇంకో ఊళ్ళో ఉద్యోగం చేసుకుంటున్నాడు. మావయ్య దాన్ని వెలుతురులో తిప్పి చూశాడు. కంపెనీవాళ్ళు కానుకగా పెట్టారేమో అన్నాడు. ఒకటే పెడతారా అని అత్తయ్య అడిగింది.

మూడో ఉతుకులో మెషీన్ గడగడ వణికి, ఉన్న చోటు వదిలి నడుచుకుంటూ వెళ్ళి స్నానాల గది తలుపుకి అడ్డం నిలబడింది. లోపల అత్తయ్య ఉంది. మావయ్య నన్ను పిలిచి, ఇద్దరం కలిసి దాన్ని జరిపేదాకా ఆవిడ లోపలి నుంచి ఒక్క మాట కూడా అనలేదు. అదే మావయ్యని భయపెట్టింది.

మర్నాడు మేజోడు జేబులో పెట్టుకుని షాపుకి వెళ్ళాడు. నేనూ వెళ్ళాను. కొనడానికి వచ్చినవాళ్ళందరి ముందూ షావుకారు నవ్వాడు.

"అన్నయ్యా, మేజోడు మీ ఇంట్లోదే అయ్యుంటుంది. మీకే గుర్తు లేదు. వయసు మీద పడుతోంది కదా!"

కౌంటరు దగ్గరున్నవాళ్ళు కిసుక్కుమన్నారు. మావయ్యకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఊరంతా నోరెత్తి మాట్లాడే మనిషి, మేజోడు మళ్ళీ జేబులో పెట్టేసుకున్నాడు. వ్యాను దాకా తల వంచుకుని నడిచాడు. నాకు నిజంగా బాధేసింది. పాపం అనుకుని, ఆయన్ని అక్కడే వదిలేసి పనికి పోయాను.

వదిలేయకుండా ఉండాల్సింది. నేను వెళ్ళగానే వ్యాను ముందు సీట్లో కూర్చుని, ఫోను స్టీరింగుకి ఆనించి, మైకు చేత్తో పట్టుకుని వీడియో తీసి నెట్లో పెట్టాడు. మధ్యాహ్నానికి మా ఫ్లెక్సీ షాపులో అందరి ఫోన్లలోనూ మా మావయ్యే.

"ప్రజలారా! ఇరవై ఏళ్ళుగా మన ఊరిని నిలువునా ముంచుతున్న ఘరానా దొంగ! వేలాది కుటుంబాల కన్నీటితో కట్టిన మూడంతస్తుల మేడ! వాడి కొడుకు కాలేజీ ఫీజు కూడా మన జేబుల్లోంచి కొట్టేసిందే! ఇదిగో వాడి ఇంటి ఫోను నంబరు, అడిగి కడిగేయండి! సాక్ష్యం కావాలా? ఇదిగో, ఒక అమాయక శిశువు మేజోడు!"

మేజోడు పైకెత్తి చూపించిన ఆ చివరి ముక్క దగ్గర జనం ఏడుపు బొమ్మలు పెట్టారు. పాపం ఆ శిశువుకి ఏమైందోనని ఒకావిడ అడిగింది. ఇంకెవరో షావుకారు కిడ్నీలు కూడా అమ్ముతాడని కింద రాశారు. మావయ్య దానికి చప్పట్ల బొమ్మ కొట్టాడు. సాయంత్రం వీధిలోకి వస్తే జనం భుజం తడుతున్నారు. ఆయన గాల్లో తేలుతున్నాడు.

అత్తయ్య దారం కొరికి, "ఇప్పుడు మెషీన్ పనిచేస్తుందా?" అని అడిగింది.

ఆ వారం దాటకుండానే రిజిస్టరు పోస్టులో లాయరు నోటీసు వచ్చింది. నేనే చదివి వినిపించాను. షావుకారు పరువు పోయింది, వ్యాపారం దెబ్బతిన్నది, ఇంటికి రాత్రీ పగలూ బెదిరింపు ఫోన్లు వస్తున్నాయి. వీడియో వెంటనే తీసేయాలి. అదే గొంతుతో, అదే మైకులో, అన్ని వీధుల్లోనూ క్షమాపణ చెప్పాలి. చెప్పకపోతే నష్టపరిహారానికి ఒక కేసు, పరువు తీసినందుకు ఇంకో కేసు. ఆఖరున ఇంకో ముక్క ఉంది. ఇదే వ్యక్తి ఇదే మైకులో తమ షాపు ఇరవై ఏళ్ళుగా నమ్మకానికి మారుపేరని ఎన్నోసార్లు చెప్పాడు, రికార్డులు ఉన్నాయి, రెండింటిలో ఏది అబద్ధమో ఆయనే కోర్టుకి చెప్పుకోవాలి అని.

మావయ్య గోడకి చేరగిలబడ్డాడు. మైకు పెట్టుకోవాలంటే పోలీస్ స్టేషన్లో ఏటా అనుమతి తీసుకోవాలి, అది మళ్ళీ తీసుకునే రోజు దగ్గరలోనే ఉంది. మీద కేసు ఉంటే ఆ కాగితం కదలడం కష్టమని స్టేషన్ రైటరు అప్పటికే చెప్పేశాడట. అనుమతి వచ్చినా, అబద్ధాలకోరని కోర్టు ముద్ర వేసిన గొంతుని ఎవరు పిలుస్తారు?

"మైకు పోతే నేనేంటే అమ్మాయ్?" అన్నాడు. ఆ మాటకి ముందూ వెనకా పెద్ద మాటలేవీ తగిలించలేదు.

మావయ్య స్నేహితుడొకాయన ఫొటో స్టూడియో నడిపేవాడు. ఇప్పుడు ఆ స్టూడియోలో ఆ స్నేహితుడి కూతురు ప్లీడరుగా ఆఫీసు పెట్టుకుంది. ఫొటోలకి వెనక వేలాడే జలపాతం తెర ఇంకా అలాగే ఉంది. క్లయింట్లు దాని ముందున్న బల్ల మీదే కూర్చోవాలి. మావయ్య జలపాతం కింద కూర్చుని చెమటలు కక్కుతుంటే ప్లీడరమ్మ వీడియో రెండుసార్లు చూసింది. మొదటిసారి చూసినప్పుడు నవ్వింది. రెండోసారి నవ్వలేదు.

"బాబాయ్‌గారూ, ముందు దీని కాపీ ఒకటి దాచుకుని, నెట్లోంచి తీసేయండి. ఇప్పుడు ఒక్కో మాటా చూద్దాం. ప్రతి మాటకీ నాకు ఒకటే చెప్పండి. కళ్ళతో చూశారా, అనుకున్నారా, బాగుంటుందని వేశారా?"

"ఏ మాటకమ్మా?"

"ఇరవై ఏళ్ళుగా ముంచుతున్నాడు. షాపు పుట్టి ఎనిమిదేళ్ళు."

మావయ్య నా వైపు చూశాడు. నేను జలపాతం వైపు చూశాను.

"బాగుంటుందని వేశాను," అన్నాడు.

"వేలాది కుటుంబాల కన్నీళ్ళు?"

"అదీ బాగుంటుందనే."

"కాలేజీ ఫీజు?"

"ఆ అబ్బాయి ఎవరో కూడా నాకు తెలీదమ్మా. మేడ అన్నాక ఇంకోటి ఏదైనా పడితే బాగుంటుందని..."

"ఘరానా దొంగ?"

"అది అనుకున్నాను. గట్టిగా అనుకున్నాను!"

"మీరు అనుకోవడం వేరు, దొంగతనం నేరం చేశాడని ఊరికి చెప్పడం వేరు. దొంగ అంటే ఏం దొంగిలించాడో కోర్టులో చూపించాలి. మెషీన్ నాకు నచ్చలేదు, షావుకారు నాతో మాట్లాడిన తీరు బాగాలేదు అనండి, అది మీ అభిప్రాయం. దానికి మీకు హక్కుంది. ఇంటి ఫోను నంబరు ఎందుకు పెట్టారు? ఆ ఫోన్లు ఎత్తుతున్నది వాళ్ళావిడ. ఆవిడ మీకు మెషీన్ అమ్మిందా?"

మావయ్య తల ఇంకా కిందికి దిగింది. కిడ్నీల మాటకి చప్పట్లు ఎందుకు కొట్టారని అడిగేసరికి, అది చప్పట్లు కాదు, ఫోనులో వేలు తగిలిందన్నాడు. ప్లీడరమ్మ కళ్ళజోడు తీసి ఆయన వైపు చూసింది. "కొట్టాను," అని ఒప్పుకున్నాడు.

ఊడదీయగా ఊడదీయగా చివరికి ఆ వీడియోలో మేజోడు ఒక్కటే మిగిలింది.

"ఇది నిజం. చూశారు. కానీ మీ ఇంట్లోదే అంటాడు ఆయన. మీది కాదని, మెషీన్ పాతదని రుజువు చేయగలిగితే ఆ ఒక్క మాట మీద మీరు గట్టిగా నిలబడొచ్చు. లేదంటే మొత్తానికీ క్షమాపణే. ఇంకోటి, మెషీన్ మార్చి ఇవ్వకపోతే మళ్ళీ వీడియో పెడతానని మాత్రం షావుకారుతో అనకండి. అది బెదిరింపు అవుతుంది."

మావయ్య అప్పటికే ఫోను తీసి సగం నంబరు నొక్కేశాడు. గబుక్కున జేబులో పెట్టేసుకున్నాడు.

ఇంటికొచ్చాక ఆయన బుర్ర గోక్కుంటూ కూర్చుంటే, అత్తయ్య మేజోడు తిరగేసి మడమ దగ్గర చూపించింది. చిరుగుకి ఎవరో పసుపు దారంతో కుట్టు వేశారు. కుట్టు కనబడితే అత్తయ్య కళ్ళు ఊరుకోవు.

"ఇది కుట్టిన మనిషి ఊళ్ళోనే ఉండుంటుంది," అంది. "మేకల్ని వెతికిపెడతారు కదా, దీన్ని వెతకలేరా?"

మావయ్య లేచి నిలబడ్డాడు. పోయిన వస్తువులు, దొరికిన వస్తువులు చెప్పడం ఆయన చేతిలో పని. అందులో షాపు పేరు లేదు, షావుకారు ఊసు లేదు. దొరికినదాన్ని దొరికిందని చెప్తే ఎవరి పరువూ పోదు. ప్లీడరమ్మని అడిగితే సరేనంది. నేను పక్క సీట్లో కూర్చున్నాను, ఎందుకంటే ఆయన నోరు నాకు తెలుసు.

"చారిత్రాత్మక..." అని మొదలుపెట్టాడు. తొడ మీద గిల్లాను.

"చిన్నపిల్లల మేజోడు ఒకటి దొరికింది. నీలం రంగు. దానికి ఒక గుర్తు ఉంది. ఆ గుర్తు చెప్పినవారికి ఇస్తాం."

ఆయన అంత పొడిగా చెప్పడం ఎవరూ ఎప్పుడూ వినలేదు. వీధుల్లో జనం పని ఆపి బయటికొచ్చారు. ఒంట్లో బాగాలేదా అని కొందరు వ్యాను ఆపి అడిగారు. సాయంత్రానికి ఇంటి ముందు బస్సు కండక్టరమ్మ ఒకావిడ నిలబడి ఉంది. డ్యూటీ నుంచి నేరుగా వచ్చినట్టుంది, భుజాన సంచీ ఇంకా వేలాడుతోంది. చేతిలో రెండో మేజోడు ఉంది.

"మడమ దగ్గర పసుపు దారం కదండీ? నేనే వేశాను. నీలం దారం దొరకలేదు. ఇది పోయిందని మా పాప అన్నం మానేసిందండీ, బాబూ!"

అని లోపలికి తొంగి చూసి అక్కడే ఆగిపోయింది.

"ఇది మా మెషీన్ కదా! ఊరికే నడిచెళ్ళిపోతోందని, ఆ షాపులో ఇచ్చేసి డబ్బు కలిపి కొత్తది తీసుకున్నాం. ఇక్కడికెలా వచ్చింది?"

"నడుచుకుంటూ వచ్చుంటుంది," అంది అత్తయ్య.

ఇదే మీ మెషీనని ఎలా చెప్పగలరని అడిగాను. మూత మీద మా పాప చేప బొమ్మ అంటించింది, ఎంత గీకినా పోలేదు అందావిడ. మూత మీద చేప లేదు. బంగారు రంగు "సరికొత్త" ఉంది. అత్తయ్య గోరు పెట్టి ఆ కాగితాన్ని ఒక మూల నుంచి నెమ్మదిగా లేపింది. కింద ఆకుపచ్చ చేప ఒకటి, తోక సగం అరిగిపోయి, మమ్మల్నందర్నీ చూసి నవ్వుతోంది. మసిపూసి మారేడుకాయ చేయడంలో షావుకారు చేప దగ్గర మాత్రం బద్ధకించాడు. ఎక్కడ కావాలంటే అక్కడికొచ్చి చెప్తానంది కండక్టరమ్మ. నేను చేపకి నాలుగు పక్కల నుంచీ ఫొటోలు తీశాను.

ఇక గెలిచేశామని మావయ్య ఎగిరాడు. ప్లీడరమ్మ కూర్చోబెట్టింది.

"చేప మీకు ఒక్క మాటే ఇచ్చింది, బాబాయ్‌గారూ. పాత మెషీన్ని కొత్తదని అమ్మాడు. మిగతావన్నీ ఇప్పటికీ అబద్ధాలే. వాటికి క్షమాపణ చెప్పాలి. వాళ్ళు అడిగినట్టే, మైకులోనే చెప్పండి. ఏ మాట వెనక్కి తీసుకుంటున్నారో ఆ మాట స్పష్టంగా చెప్పి మరీ తీసుకోండి."

మావయ్య వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నాడు. "ఇంకో మాట కూడా ఉందమ్మా, వెనక్కి తీసుకోవాల్సింది," అని నెమ్మదిగా చెప్పాడు. ప్లీడరమ్మ పెన్ను పక్కన పెట్టేసింది. ఈసారి నవ్వుతూనే ఉంది.

క్షమాపణ రోజు వ్యాను బయల్దేరుతుంటే అత్తయ్య కిటికీ మూసింది. తర్వాత తలుపు కూడా మూసి, తాళం వేసి, వచ్చి ముందు సీట్లో కూర్చుంది. నేను వెనక్కి జరిగాను. మావయ్య ఆవిడ వైపు చూసి, గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు.

"అందరికీ నమస్కారం. మన ఎలక్ట్రికల్ షాపు షావుకారుగారికి క్షమాపణ చెప్పుకుంటున్నాను. వారు ఇరవై ఏళ్ళుగా ముంచుతున్నారన్నాను. తప్పు. నాకు తెలిసి ఒక్కసారే. ఊరందరినీ ముంచారన్నాను. తప్పు. నాకు తెలిసి నన్నొక్కణ్ణే. వేలాది కుటుంబాలు ఏడ్చాయన్నాను. తప్పు. మా ఇంట్లో మా ఆవిడ ఒక్కతే ఇబ్బంది పడింది, ఆవిడ కూడా ఏడవలేదు. ఘరానా దొంగ అన్నది తప్పు. వారి అబ్బాయి గురించి అన్నది తప్పు. ఇంటి నంబరు పెట్టడం తప్పు, వారి ఇంటావిడకి చేతులెత్తి క్షమాపణ. వారు కిడ్నీలు అమ్మరు. వారు అమ్మగా నేను చూసింది ఒక పాత వాషింగ్ మెషీన్, కొత్తదని చెప్పి. అది నేను చూశాను, దాని పాత యజమానీ చూశారు. ఆ ఒక్క మాట వెనక్కి తీసుకోవడం లేదు."

జనం అరుగులెక్కి వింటున్నారు. ఎవరో ఒకాయన చొక్కాకి బొత్తాలు పెట్టుకోవడం కూడా మర్చిపోయాడు. వ్యాను షాపున్న వీధిలోకి తిరిగింది. అక్కడ మావయ్య బండి ఆపి, మొత్తం మళ్ళీ చెప్పి, చివర గొంతు తగ్గించాడు.

"ఇంకొక్కటి. ఇదే నోటితో, ఇదే మైకులో, ఈ షాపు ఇరవై ఏళ్ళుగా నమ్మకానికి మారుపేరు అని ఎనిమిదేళ్ళు మీకు చెప్పాను. అది కూడా నేను చూసి చెప్పింది కాదు. డబ్బిచ్చారని చెప్పాను. నా మాట నమ్మి వెళ్ళినవారుంటే వారికి నా క్షమాపణ. ఆ మాటా వెనక్కి తీసుకుంటున్నాను."

నాకు కళ్ళు చెమర్చాయి. ఫ్లెక్సీల మీద నేను కొట్టిన అక్షరాలన్నీ గుర్తొచ్చాయి. అత్తయ్య సీట్లో కదలకుండా ఆయన్నే చూస్తోంది. పెళ్ళయ్యాక ఆయన ప్రకటన మొదట్నుంచి చివరిదాకా ఆవిడ వినడం అదే మొదలు.

షావుకారు షాపులోంచి చెప్పులు లేకుండా పరుగెత్తుకొచ్చాడు. లోపల బేరమాడుతున్న ఇద్దరు ఆయన వెనకే బయటికొచ్చి, ఆయన్ని దాటి వెళ్ళిపోయారు.

"అన్నయ్యా, చాలు! క్షమాపణ చాలు! నేను క్షమించేశాను!"

"ఇంకా చాలా వీధులున్నాయి షావుకారుగారూ. నోటీసులో అన్ని వీధులూ అని రాశారు కదా!"

"నోటీసు వెనక్కి తీసుకుంటాను! రాసిస్తాను! ముందు ఆ మైకు కట్టేయండి!"

రాసిచ్చాడు. ప్లీడరమ్మ చదివి సరేనన్నాకే మావయ్య మైకు కట్టేశాడు. స్టేషన్లో అనుమతి కాగితం మామూలుగానే వచ్చింది. మర్నాడు షావుకారు స్వయంగా పనివాళ్ళని వెంటేసుకుని కొత్త మెషీన్ తెచ్చాడు. చేప ఉన్న పాతదాన్ని పట్టుకుపోయేలోగా అత్తయ్య మూత మీది చేపని కొబ్బరినూనెతో నానబెట్టి, కండక్టరమ్మ పాప కోసం జాగ్రత్తగా ఊడదీసి ఉంచింది.

కొత్త మెషీన్ బిగించాక షావుకారు చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు.

"అయిపోయిందేదో అయిపోయింది అన్నయ్యా. షాపుకి మనిషి రావట్లేదు. మీరు మళ్ళీ ఒక్కసారి ఆ పాత మాట చెప్పాలి. ఇరవై ఏళ్ళుగా నమ్మకానికి మారుపేరు అని. ఎంత అడిగితే అంత ఇస్తాను."

మావయ్య అత్తయ్య వైపు చూశాడు. అత్తయ్య మెషీన్ లోపలికి భుజం దాకా చెయ్యి పెట్టి, నలుమూలలా తడిమి చూసి, ఉత్త చెయ్యి బయటికి తీసింది. ఏమీ లేదన్నట్టు తలూపింది.

"తప్పకుండా చెప్తాను షావుకారుగారూ," అన్నాడు మావయ్య. "ఇవాళ మొదలైంది. ఇరవై ఏళ్ళు చూసి చెప్తాను."